ఇంటికి పంపే ముందు ఒక గంట

ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫాం పొడవు 1,072 మీటర్ల పైచిలుకు. 2013లో గోరఖ్‌పూర్‌లో అంతకన్నా పొడవైనది కట్టేదాకా ప్రపంచ రికార్డు దీనిదే. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళు చుట్టాలకు గొప్పగా చెప్పుకొనే కొలత అది. గుండె వైద్యుల దగ్గర ఇంకో కొలత ఉంది. రోగిని చదునైన నేల మీద ఆరు నిమిషాలు నడవమంటారు. ఎంత దూరం వెళ్ళాడో చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఆ కాసేపట్లో దాదాపు సగం ప్లాట్‌ఫాం దాటేస్తాడు. ఆ ఆరు నిమిషాల్లో మూడు వందల మీటర్లు కూడా నడవలేకపోతే గుండె బాగా నీరసించిందని లెక్క.

ఉద్యోగమంతా వర్క్‌షాపులో ఇనుముతో కుస్తీ పట్టిన మనిషి, ఓవర్‌బ్రిడ్జి మెట్ల మధ్యలో ఆగి రెయిలింగ్ పట్టుకుంటాడు. 'వయసు మీద పడింది' అంటారు ఇంట్లోవాళ్ళు. రాత్రి పడుకున్న రెండు గంటలకే లేచి కూర్చుని రొప్పుతుంటే 'గ్యాస్ పట్టింది' అని సోడా తాగిస్తారు. సాయంత్రానికి కాళ్ళు పొంగితే 'ఎక్కువసేపు నిలబడ్డాడు కదా' అని సరిపెట్టుకుంటారు. ఈ మూడూ ఒక్క మనిషిలో కనబడితే ముందు అనుమానించాల్సింది గుండెను.

డాక్టరు హార్ట్ ఫెయిల్యూర్ అనగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. గుండె ఆగిపోలేదు, కొట్టుకుంటూనే ఉంది. ఒంటికి కావలసినంత రక్తాన్ని తోయలేకపోతోంది, అంతే. ఎకో రిపోర్టులో ఈఎఫ్ అని ఒక అంకె ఉంటుంది. గుండె ఒక్కసారి ముడుచుకున్నప్పుడు అందులోని రక్తంలో వందకు ఎన్ని పాళ్ళు బయటికి పోతోందో చెప్పే అంకె అది. 50 దాటితే మామూలు, 40 అంతకన్నా తక్కువైతే కండరం బలహీనపడినట్టు. కొందరికి ఈ అంకె బాగానే ఉన్నా గుండె గట్టిపడి సరిగా నిండదు. వాళ్ళకూ ఆయాసం వస్తుంది.

మరి కాళ్ళకు నీరెందుకు? మూత్రపిండాలకు వచ్చే రక్తం తగ్గేసరికి, ఒంట్లో నీరు తక్కువైందని అవి పొరబడతాయి. ఉప్పునూ నీటినీ బయటికి వదలకుండా పట్టి ఉంచుతాయి. ఆ నీరు పగలంతా కాళ్ళలోకి దిగుతుంది. రాత్రి వెల్లకిలా పడుకోగానే మళ్ళీ రక్తంలోకి, అక్కణ్ణుంచి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అందుకే నిద్రలో ఉక్కిరిబిక్కిరి. అందుకే ఒక దిండు రెండవడం, రెండు మూడవడం. 'ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నారు?' అని నర్సు అడిగితే ఊసుపోక అడుగుతోందని అనుకోకండి. రోగం ఎంత ముదిరిందో ఆ ఒక్క ప్రశ్నతో ఆమెకు చాలావరకు తెలిసిపోతుంది.

మన దేశంలో ఈ జబ్బు తొందరగా వస్తోంది. 53 ఆసుపత్రుల్లో 10,851 మంది రోగుల వివరాలతో తయారైన జాతీయ హార్ట్ ఫెయిల్యూర్ రిజిస్ట్రీలో రోగుల సగటు వయసు అరవై. ధనిక దేశాల్లో ఈ జబ్బుతో ఆసుపత్రికి వచ్చేవాళ్ళ కంటే మనవాళ్ళు పదేళ్ళు పైనే చిన్నవాళ్ళు. అరవై అంటే రైల్వే ఉద్యోగి రిటైరయ్యే వయసు. క్వార్టరు ఖాళీ చేసి, వచ్చిన డబ్బుతో మలంచాలోనో జపెటాపూర్‌లోనో రెండు గదులు వేసుకుని, కూతురి పెళ్ళి బాకీ తీర్చుకుంటున్న వేళకు ఈ జబ్బు తలుపు తడుతుంది. ఆసుపత్రిలో చేరిన ప్రతి వందమందిలో 14 మంది తొంభై రోజులు తిరక్కుండానే, 22 మంది ఏడాదిలోపే పోతున్నారని అదే రిజిస్ట్రీ చెబుతోంది. చాలామందికి మూలం గుండె రక్తనాళాల జబ్బు. బీపీ, షుగరు దానికి తోడు. చిన్నప్పటి కీళ్ళవాత జ్వరంతో కవాటాలు చెడినవాళ్ళూ కొందరుంటారు.

ఈ అంకెలు భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ తొంభై రోజుల మీదికి మీ దృష్టి తిప్పడానికి చెబుతున్నాను. ఆ తొంభై రోజులూ రోగి ఉండేది ఆసుపత్రిలో కాదు, ఇంట్లో. అక్కడ డాక్టరు ఉండడు, మానిటరు ఉండదు. ఉండేది భార్యో, కోడలో, కూతురో. ఆమెకు ఎవరేం నేర్పి పంపారన్న దాన్నిబట్టే ఆ తొంభై రోజులు నడుస్తాయి.

గంట చదువు

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగిన ఒక అధ్యయనం 1995లో వెలువడింది. డెబ్బై ఏళ్ళు దాటిన 282 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండో జట్టుకు దానితో పాటు ఒక నర్సు ముందుండి నడిపిన బోధన. రోగికీ ఇంట్లోవాళ్ళకీ జబ్బు గురించి చెప్పడం, తిండి సరిచేయడం, మందులు ఒక కొలిక్కి తేవడం, ఇంటికి పంపాక కనిపెట్టి ఉండడం. మూడు నెలల్లో హార్ట్ ఫెయిల్యూర్‌తో మళ్ళీ ఆసుపత్రిలో చేరడం ఆ జట్టులో సగానికి పైగా తగ్గింది. పదేళ్ళ తర్వాత, 2005లో, మిషిగన్ విశ్వవిద్యాలయంవాళ్ళు ఇంకా చిన్న ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. డిశ్చార్జి అప్పుడు శిక్షణ పొందిన నర్సు రోగి ఎదురుగా కూర్చుని ఒక గంటసేపు చెప్పడం. అంతే. 223 మందితో జరిగిన ఆ అధ్యయనంలో, చనిపోయే లేదా మళ్ళీ ఆసుపత్రి పాలయ్యే ముప్పు ఆ గంట అందినవాళ్ళలో 35 శాతం తగ్గింది.

ఒక కొత్త మాత్ర ఇంత మేలు చేస్తే కంపెనీలు ఊరూరా సభలు పెట్టి డాక్టర్లకు చెబుతాయి. నర్సు మాటకు కంపెనీ లేదు కాబట్టి సభా లేదు. నా మటుకు నాకు ఆ గంట కూడా మందే. డిశ్చార్జి కాగితం మీద మాత్రల పేర్లతో పాటు 'కుటుంబానికి బోధన: ఒక గంట' అని డాక్టరు రాయాలి. అది జరిగిందా లేదా అన్నది, ఇంజక్షను చేసిందీ లేనిదీ చూసినట్టే చూడాలి.

మన ఆసుపత్రుల్లో డిశ్చార్జి రోజు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. కొడుకు బిల్లు కౌంటరు దగ్గర, అల్లుడు మందుల షాపు దగ్గర, బయట టోటో బండి (ఈ-రిక్షా). వార్డంతటికీ ఒకరిద్దరే సిస్టర్లు. ఫైలు చేతిలో పెట్టి, 'ఉప్పు తగ్గించండి, మందులు టైముకి వెయ్యండి, పదిహేను రోజులకి రండి' అని ఒక్క ఊపిరిలో చెప్పేస్తారు. 'అర్థమైందా?' అంటే 'ఆఁ, అర్థమైంది సిస్టర్' అంటారు. అర్థం కాలేదని ఎవరూ చెప్పరు. పెద్దవాళ్ళ ముందు, చదువుకున్నవాళ్ళ ముందు ఆ మాట నోటికి రాదు. తప్పు ఆ సిస్టర్‌ది కాదు. అన్ని మంచాలు ఆమెకు అప్పగించి, ఒక్కొక్కరికి గంట కేటాయించమంటే ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఆ గంటను డ్యూటీలో భాగంగా లెక్కగట్టి మనుషుల్ని ఇవ్వాల్సింది ఆసుపత్రి నడిపేవాళ్ళు.

బాగా నేర్పే నర్సు 'అర్థమైందా' అని అడగదు. ఇలా అడుగుతుంది:

'అమ్మా, రేపు పొద్దున్న మావయ్యగారి బరువు ఎప్పుడు చూస్తావు?'

'టిఫిన్ తిన్నాక చూస్తానండి.'

'లేచి, ఒంటికెళ్ళొచ్చాక. ఏమీ తినకముందు. రోజూ ఒకే వేళకి, ఒకే రకం బట్టల్లో. మరి నిన్నటికన్నా కిలోన్నర ఎక్కువ చూపించిందనుకో?'

'ఆకలి బాగా వేస్తోందన్నమాట. మంచిదే కదండీ.'

ఇక్కడ దొరికింది అసలు సంగతి. ఒక్క రాత్రిలో కిలోన్నర పెరిగేది కండ కాదు, నీరు. ఈ ఒక్క తప్పు అభిప్రాయం ఇంటికి వెళ్ళి ఉంటే, ఆయన బాగా తింటున్నాడని సంబరపడుతూనే వారం తిరక్కుండా ఐసీయూకి తెచ్చేవాళ్ళు. చెప్పింది తిరిగి ఆమె నోటే చెప్పించుకుంటే తప్ప ఇది బయటపడదు.

ఏ భాషలో నేర్పాలి?

ఈ ప్రశ్న విజయవాడలో రాదు. ఖరగ్‌పూర్‌లో అదే మొదటి ప్రశ్న. 1890ల చివర బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరి దాకా పట్టాలు వేసింది. 1902లో వాల్తేరు నుంచి కటక్ వైపు వచ్చే తూర్పు తీర మార్గమూ ఆ కంపెనీ చేతికే వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి మనవాళ్ళు ఆ దారినే వచ్చి వర్క్‌షాపులో, లోకో షెడ్డులో, యార్డులో పనికి కుదిరారు. ఈ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపినవాళ్ళలో వి.వి. గిరి ఒకరు, తర్వాతి కాలంలో ఆయన రాష్ట్రపతి అయ్యారు. మథురాకాటి, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్ వీధుల్లో ఇవాళ్టికీ ఉత్తరాంధ్ర యాస వినబడుతుంది. వేసవిలో అమ్మవారి మాతా పూజలకు ఊరు ఊరంతా కదులుతుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది.

హోదా వచ్చినంత మాత్రాన మంచం పక్కకు భాష రాదు. డాక్టరు బెంగాలీలోనో హిందీలోనో మాట్లాడతాడు. చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. మంచం మీద ఉన్న ముసలాయన యాభై ఏళ్ళుగా బజారు హిందీ గడగడా మాట్లాడినవాడే. కానీ 'ఎలా ఉంది?' అంటే 'ఠీక్ హై' తప్ప రాదు. అదే తెలుగులో అడిగితే, 'పడుకుంటే గుండెల మీద బరువెట్టినట్టుంటందమ్మా, రాత్రల్లా గోడకి చేరబడే కూకున్నాను' అంటాడు. ఆ వాక్యంలో రోగనిర్ధారణ మొత్తం ఉంది. ఠీక్ హైలో ఏమీ లేదు.

తెలుగులో ముద్రించి పంచితే సరిపోతుందా అంటే అదీ సగమే. ఇక్కడి మనవళ్ళలో చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. బడిలో హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు. నాయనమ్మకు తెలుగు వచ్చినా కళ్ళు ఆనవు. అంచేత చదువు నోటితోనే జరగాలి, చేతులతో జరగాలి. వార్డులో తెలుగు వచ్చిన సిస్టర్ ఉంటే ఆమె. లేకపోతే ఆయా, డ్రెస్సరు, ఎవరు వస్తే వాళ్ళను పక్కన పెట్టుకునైనా సరే. పదేళ్ళ పిల్లణ్ణి దుబాసిగా నిలబెట్టి 'మీ తాతకు గుండె చెడిపోయిందని చెప్పు' అనడం మాత్రం కూడదు. ఆ పిల్లవాడు సగం చెప్పడు, చెప్పిన సగం వాడి మనసులో ఉండిపోతుంది.

బెంగళూరులో నారాయణ హృదయాలయ ఆసుపత్రిలో నూరా హెల్త్ సంస్థ మొదలుపెట్టిన పద్ధతి ఇక్కడికి బాగా అతుకుతుంది. గుండె రోగుల బంధువులు రోజులకు రోజులు వరండాల్లో ఖాళీగా కూర్చోవడం చూసి, ఆ ఖాళీనే తరగతిగా మార్చారు. నర్సులే బంధువులను కూర్చోబెట్టి నేర్పుతారు, చేసి చూపిస్తారు, చేయిస్తారు. ఏ రైల్వే ఆసుపత్రి వరండాలోనైనా, మెదినీపూర్ మెడికల్ కాలేజీ వరండాలోనైనా కూర్చుని ఉండే కుటుంబాలు తక్కువా?

వార్డులోనే మొదలు

చదువు డిశ్చార్జి రోజుకు వాయిదా వేయకూడదు. ఆయాసంతో తెచ్చిన రోగికి మొదటి రెండు రోజులు తలవైపు మంచం ఎత్తి పెడతారు. ఆక్సిజన్ శాతం తగ్గితేనే ఆక్సిజన్. నీరు లాగడానికి ఫ్యూరోసెమైడ్ ఇంజక్షను. తాగింది ఎంత, మూత్రం ఎంత పోసింది అని గంట గంటకీ చార్టు. ఎక్కువ నీరు పోతే పొటాషియం పడిపోతుంది కాబట్టి రక్తపరీక్ష. నీరు పట్టిన ఒంటికి తొందరగా పుండ్లు పడతాయి గనక వీపు, మడమలు రోజూ చూడడం. బయటివాళ్ళకు ఇదంతా సిస్టర్ పనిలా కనబడుతుంది. కానీ తాగిన నీళ్ళు కొలిచే పని రెండో రోజు నుంచి కోడలి చేతికి ఇవ్వొచ్చు. మూడో రోజు బరువు ఆమే చూసి రాయొచ్చు. ముంగాలి ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీసి, గుంట పడి అలాగే ఉండిపోతోందా అని చూడడం ఆమెతోనే చేయించొచ్చు. నిన్న పడ్డ గుంట ఇవాళ పడకపోవడం తన వేలికింద తెలిసిన మనిషికి, మందు ఎందుకు వెయ్యాలో మళ్ళీ చెప్పక్కరలేదు.

ఇంటికి వెళ్ళాక బరువు పుస్తకమే ప్రాణం. రైల్వేవాళ్ళకు ఇది చెప్పడం తేలిక. ఇంజనుకు లాగ్‌బుక్ ఎలాగో మనిషికి ఈ పుస్తకం అలాగ. తేడా కనబడ్డప్పుడే రాసిపెట్టి షెడ్డుకు చెబితే చిన్న మరమ్మతుతో పోతుంది. దారిలో ఆగిపోయాక చెబితే ఏం లాభం? ఒక్క రోజులో కిలో దాటి పెరిగినా, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా అదే రోజు డాక్టరుకు ఫోను చెయ్యాలి. ఆయాసం వచ్చేదాకా ఆగకూడదు. బరువు చాలాసార్లు ఆయాసం కన్నా ముందే పెరుగుతుంది. ఆ మధ్యలో దొరికే కొద్ది రోజులే కుటుంబం చేతిలో ఉన్న గడువు. ఛాతీలో నొప్పి, కూర్చున్నా ఆగని ఆయాసం, గులాబీ రంగు నురగతో దగ్గు, స్పృహ తప్పడం, మాట తడబడి అయోమయంగా ఉండడం, వీటిలో ఏది కనబడినా ఫోన్లు కూడా వద్దు, తిన్నగా ఎమర్జెన్సీకే.

వంటింట్లో

ఉప్పు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. రోజుకు ఐదు గ్రాములు, అంటే సుమారుగా ఒక చదును టీ చెంచా. అందులోనే కూర, చారు, పెరుగన్నం, పచ్చడి అన్నీ. మన ఇళ్ళలో 'ఉప్పు తగ్గించేశామండీ' అంటే కూరలో చిటికెడు తగ్గించారని అర్థం. పక్కన ఆవకాయ బద్ద అలాగే ఉంటుంది. అప్పడం ఉంటుంది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన ఇంట్లో వారానికి రెండుసార్లు ఎండుచేప కూర ఉంటుంది. దానికి ఈ ఊరి అలవాట్లు తోడు. మెదినీపూర్ ప్రాంతంలో మరమరాలు (ఇక్కడి మాటలో మురీ) పలహారం కాదు, భోజనం. మురీ వేయించేటప్పుడే ఉప్పు పడుతుంది. దాని మీద చనాచూర్ మిక్చరు, పక్కన నూనెలో వేయించిన తేలేభాజా. సాయంత్రం ఒక గిన్నెడు తిని 'అన్నం కూడా మానేశానండీ, రెండు గుప్పిళ్ళ మురీయే' అంటాడు పెద్దాయన. పాపం, నిజంగానే పథ్యం చేస్తున్నాననే నమ్మకంతో అంటాడు.

నర్సులు నేర్పే ఒక తేలిక పద్ధతి ఉంది. పొద్దున్నే ఒక చిన్న డబ్బీలో ఆయన ఒక్కడి రోజు ఉప్పు, ఒక చదును చెంచా, వేసి పెట్టాలి. ఆయన కూర ముందుగా తీసి, ఆ డబ్బీలోంచే వేయాలి. డబ్బీ ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. పచ్చడి కావాలంటే కూరలో మానాలి. మొదటివారం కష్టంగా ఉంటుంది. నాలుక మూడు నాలుగు వారాల్లో సర్దుకుంటుంది. చింతపండు, నిమ్మకాయ, మిరియాలు, వెల్లుల్లి, జీలకర్ర, కొత్తిమీర ధారాళంగా వాడితే చప్పదనం చాలావరకు కప్పబడిపోతుంది. ఇంటిల్లిపాదీ అదే వంట తింటే ఇంకా మేలు, ఆ ఇంట్లో బీపీ ఒక్కరితో ఆగి ఉండదు కదా.

అలాగని పూర్తిగా చప్పిడి కూడు పెట్టి మనిషిని మాడ్చకూడదు. 2022లో వెలువడిన సోడియం-హెచ్ఎఫ్ అధ్యయనంలో ఆరు దేశాల రోగులకు ఉప్పును బాగా కఠినంగా తగ్గించి చూశారు. మరణాలూ ఆసుపత్రి చేరికలూ అందువల్ల తగ్గలేదు. ఎక్కువ తినొద్దు అన్నది నిలిచింది, అసలు తినొద్దు అన్నది నిలవలేదు. తిండి సయించక కండ కరిగిపోతే ఈ జబ్బులో అదొక ప్రమాదం. ఇంకో హెచ్చరిక. బీపీ ఉప్పు, తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేవాటిలో పొటాషియం ఉంటుంది. గుండె మందుల్లో కొన్ని పొటాషియాన్ని పెంచేవే. రెండూ కలిస్తే గుండె లయ తప్పొచ్చు. డాక్టరును అడక్కుండా ఆ పొట్లం ఇంటికి తేవద్దు.

నీళ్ళ విషయంలో అందరికీ ఒకే లెక్క లేదు. జబ్బు ముదిరినవాళ్ళకు రోజుకు లీటరున్నర, రెండు లీటర్లు అని డాక్టరు గిరి గీస్తాడు. నిలకడగా ఉన్నవాళ్ళకు అంత కట్టడి అక్కరలేదని నెదర్లాండ్స్‌లో జరిగి 2025లో వచ్చిన అధ్యయనం చెబుతోంది, కట్టడి చేసినవాళ్ళకు దాహం బాధ మిగిలింది తప్ప ప్రత్యేకించి మేలు కనబడలేదు. మీ రోగికి ఏది వర్తిస్తుందో డిశ్చార్జి రోజునే అడిగి రాయించుకోండి. గిరి గీస్తే, ఒక సీసా నిండా నీళ్ళు నింపి పెట్టి, టీ తాగినా మజ్జిగ తాగినా చారు పోసుకున్నా అంత నీరు సీసాలోంచి తీసి మొక్కకు పోయండి. మిగిలిందే తాగడానికి. ఏప్రిల్, మే నెలల్లో ఖరగ్‌పూర్ ఎండకు ఈ లెక్క మారుతుంది. చెమటకు నీరు పోతుంటే, నీరు పోయే మాత్ర కూడా అదే మోతాదులో వేస్తుంటే కళ్ళు తిరిగి పడతారు. వేసవి రాగానే ఒకసారి డాక్టరుకు చూపించాలి. నీరసంగా ఉందని ఓఆర్‌ఎస్ పొట్లాలు కలిపి తాగించకండి. అందులో ఉన్నదీ ఉప్పే.

మాత్రలు, రైలు ప్రయాణాలు

బలహీనపడిన గుండెకు ఇవాళ నాలుగు రకాల మందులున్నాయి. బీటా బ్లాకర్, సాకుబిట్రిల్-వల్సార్టన్ లేదా ఆ కోవలోది, స్పైరోనోలాక్టోన్ వంటిది, డాపాగ్లిఫ్లోజిన్ వంటిది. ఆయుష్షు పెంచేవి ఇవి. ఫ్యూరోసెమైడ్, టోర్‌సెమైడ్ నీరు లాగి ఊపిరి ఆడనిస్తాయి. ఇంట్లోవాళ్ళకు పేర్లు రానక్కరలేదు గానీ రెండు సంగతులు తెలియాలి. డాపాగ్లిఫ్లోజిన్ షుగరు మందుగా పేరుపడింది, షుగరు లేనివాళ్ళకూ గుండె కోసం ఇస్తారు. 'మాకు షుగరు లేదు, పొరబాటున రాశారు' అని ఆపేయకండి. రెండోది, బీపీ పై అంకె 105 చూపించిందని భయపడి మొత్తం మందులు మానేయకండి. ఈ జబ్బులో ఆ అంకె చాలామందికి మామూలే. కళ్ళు తిరుగుతుంటే డాక్టరుకు చెప్పాలి, అంతే గానీ సొంత నిర్ణయం వద్దు.

మోకాళ్ళ నొప్పుల మాత్ర గురించి గట్టిగా చెప్పాలి. గుండె మందుల చీటీ పక్కన పెట్టి, మందుల షాపులో చీటీ లేకుండా డైక్లోఫెనాక్ కొనుక్కుని వేసుకునే పెద్దవాళ్ళు ప్రతి వీధిలో ఉన్నారు. ఆ మాత్ర ఒంట్లో ఉప్పునీ నీటినీ బిగించి పెడుతుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. నాలుగు మంచి మందులు రోజంతా చేసిన పనిని అది చెడగొడుతుంది. ఐబుప్రొఫెన్ కూడా అంతే.

రైలు ప్రయాణం సంగతి ఏ వైద్య పుస్తకంలోనూ పెద్దగా ఉండదు. కానీ మనవాళ్ళ జీవితం అంతా అదే. పెళ్ళికి శ్రీకాకుళం, మొక్కుకు సింహాచలం, చావుకు పలాస. జనరల్ బోగీలో మరుగుదొడ్డి దాకా వెళ్ళలేమని, ప్రయాణం రోజు నీరు పోయే మాత్ర మానేస్తారు. అక్కడ పెళ్ళిభోజనం, పులిహోర, పచ్చళ్ళు. తిరుగు ప్రయాణం రోజు మళ్ళీ మాత్ర మానేస్తారు. ఇంటికి చేరేసరికి కాళ్ళు పొంగి ఉంటాయి, మర్నాటికి ఆసుపత్రి. ముందే అడిగితే మాత్ర వేళను ప్రయాణానికి తగ్గట్టు జరపడం చాలామందికి వీలవుతుంది. మానడం వేరు, జరపడం వేరు. మరుగుదొడ్డికి దగ్గరగా కింది బెర్తు తీసుకోండి, మందులు పెట్టెలో కాకుండా చేతిసంచీలో పెట్టుకోండి. దారిలో ఇబ్బందైతే రైల్వే సహాయం నంబరు 139.

రిటైరైన రైల్వే ఉద్యోగులకు ఆర్‌ఈఎల్‌హెచ్‌ఎస్ అనే వైద్య పథకం కింద ఉమీద్ కార్డు ఉంటుంది, మందులు ఆసుపత్రి నుంచే అందుతాయి. పెద్ద చికిత్సకు కోల్‌కతా గార్డెన్ రీచ్‌లోని రైల్వే సెంట్రల్ హాస్పిటల్‌కు పంపుతారు. ఈ భద్రత లేని కుటుంబాలూ ఈ ఊళ్ళో ఎన్నో ఉన్నాయి, గోల్‌బజారులో తోపుడుబండి పెట్టేవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు. వాళ్ళకు రాష్ట్ర ప్రభుత్వపు స్వాస్థ్య సాథీ కార్డు ఆసుపత్రిలో చేరినప్పుడు ఆదుకుంటుంది. నెల నెలా కొనే మాత్రలకు మాత్రం చేతి డబ్బే దిక్కు. అందుకే చాలా ఇళ్ళల్లో మాత్రలు సగం చేసి వేస్తారు, రోజు విడిచి రోజు వేస్తారు. నర్సు ఇది కూడా అడగాలి, సిగ్గుపడే అవసరం లేకుండా అడగాలి. చవకైన జనరిక్ ఎక్కడ దొరుకుతుందో చెప్పాలి.

స్వాస్థ్య సాథీ కార్డు ఇంటి ఆడమనిషి పేరు మీద ఇస్తారు. నాకు అది సరైన ఆలోచన అనిపిస్తుంది. ఇంట్లో జబ్బు భారం మోసేది ఆమే. కానీ డాక్టరు గదిలోకి వెళ్ళేది కొడుకు, చీటీ వినేది కొడుకు. ఉప్పు డబ్బీ, మాత్రల డబ్బీ, సీసా, బరువు పుస్తకం నడిపేది మాత్రం గది బయట చెప్పులు చూసుకుంటూ కూర్చున్న కోడలు. ఆమెను లోపలికి పిలిచి ఆమెకే చెప్పాలి. ఇక ఆమెకే ఈ జబ్బు వస్తే? జాతీయ రిజిస్ట్రీలో వందకు 31 మందే ఆడవాళ్ళు. ఆడవాళ్ళకు గుండె గట్టిదని దానర్థం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. వాళ్ళ ఆయాసాన్ని ఆసుపత్రి దాకా తీసుకెళ్ళే మనిషి తక్కువ.

డిశ్చార్జి అయిన వారంలోపు మొదటిసారి చూపించుకోవాలి, నెల తర్వాత కాదు. 2022లో వచ్చిన స్ట్రాంగ్-హెచ్ఎఫ్ అధ్యయనంలో మొదటి ఆరు వారాల్లో తరచుగా పిలిపించి, రక్తపరీక్షలు చూస్తూ, మందుల మోతాదు తొందరగా పెంచారు. ఆరు నెలల్లో మరణమో మళ్ళీ ఆసుపత్రో అన్న ముప్పు 23 శాతం నుంచి 15 శాతానికి దిగింది. ఏటేటా ఫ్లూ టీకా, డాక్టరు చెప్పినప్పుడు న్యుమోనియా టీకా వేయించాలి. ఊపిరితిత్తులకు వచ్చే చిన్న ఇన్ఫెక్షనే చాలామందిని మళ్ళీ మంచాన పడేస్తుంది.

ఈ ఊళ్ళో తెలుగు సంఘాలున్నాయి, గుళ్ళున్నాయి, మాతా పూజ కమిటీలున్నాయి. రిటైరైన తెలుగు నర్సులు ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి, పది నిమిషాల మాటను ఫోనులో రికార్డు చేయించడానికి ఒక సాయంత్రం చాలు. శ్రీకాకుళం యాసలోనే మాట్లాడాలి. ఒక డాక్టరు విని సరిచూడాలి. బరువు ఎప్పుడు చూడాలో, ఉప్పు డబ్బీ ఎలా పెట్టాలో, ఏ మాత్ర మానకూడదో, ఏ నొప్పి బిళ్ళ ముట్టకూడదో, ఏం కనబడితే బండెక్కాలో అందులో ఉండాలి. చదువు రాని అత్తగారికీ, తెలుగు చదవలేని మనవడికీ ఒకేలా వినబడుతుంది. వార్డు సిస్టర్ల దగ్గర ఆ రికార్డింగ్ ఉంటే, భాష రాని సిస్టర్ కూడా రోగి మంచం పక్కన దాన్ని పెట్టి వినిపించి, తెలుగు వచ్చినవాళ్ళెవరినైనా పిలిచి, 'ఇప్పుడు మీరు చెప్పండి, రేపు పొద్దున్న మొదట ఏం చేస్తారు?' అని అడిగించవచ్చు.